బండ కింద బంతిభోజనం

మా నడక క్లబ్బులో, అందరం కాక అని పిలిచే పెద్దాయన చేతి కర్ర మోగేదాకా ఎవరూ టిఫిన్ డబ్బా మూత తీయరు. ఎంత ఆకలైనా సరే, గుట్ట మీద, కింద గుహలా ఖాళీ ఉన్న పెద్ద బండ ముందర అందరం నిలబడి చూస్తాం. కాక ఒక్కడే బండ కిందికి పోయి, కొసకి ఇనుప పొన్ను వేసిన పొడవాటి కర్రతో పైకప్పుని జానెడు జానెడు దూరంలో కొట్టుకుంటూ ఆ చివర నుంచి ఈ చివరకి వస్తాడు. బయటికి వచ్చి, "మంచిగున్నది, కూసోండ్రి" అంటాడు. అప్పుడు లోపలికి దూరి, చాపలు పరిచి, సర్వపిండి, పులిహోర, మక్కగారెలు బయటికి తీస్తాం.

కొత్తగా వచ్చినవాళ్లు ఇదేదో పూజ అనుకుంటారు. నేనూ అనుకున్నాను. "దేవుడెక్కడున్నడు?" అని అడిగి నవ్వులపాలయ్యాను. అది పూజ కాదు, డ్యూటీ. కాక బొగ్గు బాయిలో, అంటే గనిలో, సర్దారుగా పనిచేసి రిటైరై దిగిపోయిన మనిషి. బాయిలో సర్దారంటే, షిఫ్టు మొదలయ్యే ముందు అందరికంటే ముందు లోపలికి పోయి, తల మీది బండ గట్టిదా కాదా అని కర్రతో కొట్టి చూసి, చూసిన చోట సుద్దతో తేదీ, తన పేరు పొడి అక్షరాలు రాసి, "ఇక పని చేసుకోండి" అని చెప్పేవాడు. ఆయన చూడని కప్పు కింద ఎవరూ నిలబడరు. ఆయన చూశాక మళ్లీ ఎవరూ చూడరు, చూస్తే ఆయన్ని అవమానించినట్టు. గోదావరిఖనిలో పుట్టి పెరిగినవాళ్లకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. నాకు చెప్పాల్సి వచ్చింది.

నేను మంథని మనిషిని. మా తాత వేదం చెప్పాడు, నాన్న సంస్కృతం చెప్పాడు, నేను ఇక్కడ హైస్కూలు పిల్లలకి లెక్కలు చెప్తున్నాను. మా ఆయన ఉద్యోగం వల్ల వచ్చిన క్వార్టర్లో పాతికేళ్లుగా ఉంటున్నాం. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది, నోటికి అదుపు లేదు. పిల్లలు చాటుగా నన్ను ఏమని పిలుచుకుంటారో నాకు తెలుసు, ఇక్కడ మాత్రం రాయను. ఐదేళ్ల కింద నాకు షుగర్ అని తేలినప్పుడు, పక్క క్వార్టర్లో ఉండే అక్క, దవాఖానలో నర్సు, "ఉత్తగ గోలీలు మింగితే అయితదా? నడువాలె. ఆదివారం మాతోని గుట్టకు రా" అని చెవిన ఇల్లు కట్టుకుని పోరింది. ఆ పోరు పడలేక వెళ్లాను.

మొదటి ఆదివారం సగం గుట్ట ఎక్కేసరికి ప్రాణం కళ్లల్లోకి వచ్చింది. నర్సక్కని నానా మాటలూ అన్నాను. ఆమె నవ్వుకుంటూ నిమ్మరసం ఇచ్చింది. రెండో ఆదివారం చచ్చినా రానన్నాను. మూడో ఆదివారం ఆమె కంటే ముందే తయారై గేటు దగ్గర నిలబడ్డాను. సిగ్గులేని జన్మ!

క్లబ్బంటే పెద్ద క్లబ్బేమీ కాదు. పొద్దున గ్రౌండులో నడిచేవాళ్లు కొందరు కలిసి పెట్టుకున్నది. తొలకరి పడి మంథని తోవలోని గుట్ట పచ్చబడ్డాక మొదలుపెడతాం, ఎండలు ముదిరాక ఆపేస్తాం. నెలకి రెండు ఆదివారాలు నడక, ఒక ఆదివారం తోవపని. తోవపని అంటే, వానకి ఏపుగా పెరిగిన ముళ్లకంప కొట్టడం, కొట్టుకుపోయిన మెట్టురాళ్లు మళ్లీ పేర్చడం, బండల మీద సున్నంతో బాణం గుర్తులు దిద్దడం, ఎవరో తాగి పారేసిన నీళ్ల సీసాలు యూరియా బస్తాల్లో నింపుకుని కిందికి మోయడం. సీసాలు ఏరేటప్పుడు నా నోట వచ్చే మాటలు విని సెక్రటరీ, "టీచరమ్మ తిట్లకే ఇంకోసారి ఎవ్వడు పారెయ్యడు" అంటాడు. ఈ సెక్రటరీకి బజారులో మందుల దుకాణం. గోలీలు అమ్ముకునేవాడు జనాన్ని ఆరోగ్యంగా నడిపించడమేమిటని మేమూ ఆయన్ని ఆటపట్టిస్తుంటాం.

మా వాళ్లలో ముప్పాతిక మంది బాయిలో చేసేవాళ్లో, చేసి దిగిపోయినవాళ్లో. అందుకే గుట్ట మీద కూడా బాయి పద్ధతులే. ఎక్కేముందు తలలు లెక్కపెడతారు, దిగాక మళ్లీ లెక్కపెడతారు. తోవ బాగాలేని చోట రెండు కట్టెలు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెడతారు. బాయిలో అలా కట్టెలు కనిపిస్తే దాటి పోకూడదని అర్థం. చాయ్‌లో చక్కెర ఎక్కువైందా తక్కువైందా అని కూడా పోట్లాడుకునే మనుషులు, ఆ కట్టెలు చూస్తే మారుమాట లేకుండా వెనక్కి తిరుగుతారు. మా తొమ్మిదో తరగతి ముందర అలాంటి కట్టెలు పెట్టించాలని ఎన్నిసార్లు అనుకున్నానో!

కాక వయసు డెబ్బైకి దగ్గర. కాసిపేట దిక్కు పల్లె నుంచి పదిహేడేళ్లకి బాయి పనికి వచ్చాడట. సన్నటి మనిషి, మెడలో ఎప్పుడూ ఒక తుండు, మాట తక్కువ. నేను క్లబ్బులో చేరిన కొత్తలో ఆయన్ని వేళాకోళం చేశాను. "బండను కొడ్తే బండ ఏం చెప్తది కాకా?" అన్నాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. నన్ను లోపలికి రమ్మని, కప్పుని ఒకచోట కొట్టాడు. ఖంగున మోగింది. తర్వాత బయటికి తీసుకుపోయి, పక్కన పెచ్చులూడుతున్న ఇంకో బండని కొట్టాడు. బొదబొదమంది.

"ఏమన్న తేడా ఇనబడ్డదా?" అన్నాడు.

"మొదటిది మంచి కుండ, రెండోది పగిలిన కుండ" అన్నాను. సంతలో కుండ కొనేటప్పుడు మా అమ్మ వేలి కణుపుతో కొట్టి చూసేది, ఆ చప్పుడు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

కాక మొహం వెలిగిపోయింది. "గదే! బాయిల కొత్తోళ్లకు నెలలు పడ్తది ఇది తెల్వనీకి. నీకు చెవి ఉన్నది టీచరమ్మా" అన్నాడు. తర్వాత ఎడమ అరచేయి బండకి ఆనించి, కుడి చేత్తో కర్రతో కొట్టి చూపించాడు. "చప్పుడొక్కటే గాదు. బండ లోపల వదులైతే చేతికి గూడ తెలుస్తది, వణుకుతది. చెవికి చెయ్యి సాక్ష్యం." తర్వాత గొప్ప చెప్పుకుంటున్నట్టు కాకుండా, ఊరికే జరిగింది చెప్తున్నట్టు అన్నాడు: "ముప్పై నాలుగేండ్లు. నేను చూసిన కప్పు కింద ఒక్కనికి దెబ్బ తాకలే."

ఆ రోజు నుంచి ఆయనకి సుద్దముక్కలు నేనే తెస్తున్నాను, మా బడి నుంచే. పట్టుబడితే ఏం చెప్పాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. ఆయన కప్పు చూడడం అయ్యాక చెయ్యి చాస్తాడు, నేను సుద్ద ఇస్తాను, ఆయన బండ మూలన తేదీ వేసి రెండు పొడి అక్షరాలు రాస్తాడు.

రెండేళ్ల కింద కాకలో ఒక మార్పు మొదలైంది. ఒకసారి గుట్ట దిగి రోడ్డు మీద నడుస్తుంటే వెనక లారీ హారన్ కొట్టుకుంటూ వస్తున్నా పక్కకి తప్పుకోలేదు. నేను చొక్కా పట్టి లాగాను. "చూసిన చూసిన" అన్నాడు, చూడలేదని ఇద్దరికీ తెలుసు. వెనక నుంచి పిలిస్తే పలికేవాడు కాదు. మెల్లగా నాకు అలవాటైపోయింది, ఏమైనా చెప్పాలంటే ఎదురుగా పోయి, మొహం చూస్తూ చెప్పడం. మిగతావాళ్లూ అలాగే చేస్తున్నారని గమనించాను. ఎవరూ ఆ మాట పైకి అనలేదు. పొలం కొడుకు చూసుకుంటున్నాడు, ఇల్లు కోడలు చూసుకుంటోంది, ఆయనకి మిగిలిన డ్యూటీ ఈ ఆదివారం గుట్ట ఒక్కటే. పెద్దాయన, కాస్త వినిపించకపోతే ఏం పోయిందిలే అనుకున్నాను. ఆయన కర్రకి ఆ చెవితోనే పని అన్న సంగతి, లెక్కలు చెప్పే నా బుర్రకి తట్టనే లేదు.

ఈ ఏడు భాద్రపదంలో పెద్ద నడక పెట్టుకున్నాం. ఇళ్లల్లోవాళ్లు కూడా వచ్చారు, ముప్పై మందికి పైనే ఉన్నాం. గుట్ట చివరి ఎక్కుడులో ఉండగా వాన అందుకుంది. బండ దగ్గరికి చేరేసరికి అందరం తడిసి ముద్దయ్యాం. సెక్రటరీ పులిహోర గిన్నె తన రెయిన్‌కోటు కింద దాచుకుని, "కాకా, జల్ది! అన్నం వరదల కొట్టుకపోతున్నది" అని కేకలేస్తున్నాడు. కాక తుండుతో మొహం తుడుచుకుని, కర్ర తీసుకుని లోపలికి పోయాడు.

సుద్ద ఇవ్వాలి కాబట్టి నేను అందరికంటే ముందు నిలబడి ఉన్నాను. అంచుల్లో కప్పు కిందికి ఉంటుంది, అక్కడ ఎడమ చెయ్యి ఆనించి కొట్టాడు. నడుమ కప్పు ఎత్తు, చెయ్యి అందదు, కర్ర ఒక్కటే అందుతుంది. నడుమకి వచ్చి కొట్టాడు.

పగిలిన కుండ.

వాన చప్పుడేమో అనుకున్నాను. ఇంకో జానెడు ముందుకి కొట్టాడు. మళ్లీ అదే. బొదబొద. కాక ఆగలేదు. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. మిగతా అంచు కూడా చూసుకుని, వంగి బయటికి వచ్చి, "మంచిగున్నది, కూసోండ్రి" అన్నాడు.

చుట్టూ చూశాను. బాయిలో ఇరవై ఏళ్లు, పాతికేళ్లు చేసినవాళ్లు నా వెనకే ఉన్నారు. ఒక్కరూ విన్నట్టు లేదు. సర్దారు కొడుతుంటే వాళ్లు వినరు, అది ఆయన పని. ఆయన "మంచిగున్నది" అన్న మాట ఒక్కటే వింటారు. పులిహోర గిన్నెతో సెక్రటరీ ఒక కాలు అప్పుడే బండ కింద పెట్టాడు.

"కాకా, నడుమ డొల్ల మోగింది" అని అరిస్తే, ఇంతమంది ముందర ఆయన ముప్పై నాలుగేళ్లూ నా నోటితో పోతాయి. అరవకపోతే వీళ్లంతా పోయి ఆ నడుమే కూర్చుంటారు. నేను జీవితంలో నోటికొచ్చింది అనేయడమే గానీ, మాట వెతుక్కోవడం ఎరగను. ఆ రోజు వెతుక్కున్నాను. దొరికింది అరిచాను.

"తేనెటీగలు! ఓయమ్మో, తుట్టె ఉన్నది, ఉరుకుండ్రి!"

ఇక చూడాలి! బాయి వీరులంతా తలో దిక్కు. నర్సక్క చాప నెత్తిన కప్పుకుని పరుగెత్తింది. సెక్రటరీ బురదలో కూలబడ్డాడు, గిన్నె మాత్రం వదల్లేదు. చివరికి కింద ఉన్న చదును బండ మీద, గొడుగుల కింద, వానలోనే తిన్నాం. పులిహోర చారన్నంలా అయింది. సర్వపిండి మెత్తబడి పాడైంది. అందరూ నన్ను ఆడిపోసుకున్నారు.

"టీచరమ్మా, నువ్వు చూసినవి ఈగలేనా, కండ్లద్దాల మీద వాన చుక్కలా?" అన్నాడు సెక్రటరీ.

"నీకు కుడితే తెలుస్తుండె ఏందో! తిను తిను, నోరు మూసుకొని తిను" అన్నాను.

కాక తినలేదు. వానలో నిలబడి పైనున్న బండ వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను. సుద్దముక్క నా గుప్పిట్లోనే ఉండిపోయి, తడిసి ముద్దయింది. ఆ రోజు బండ మీద ఆయన అక్షరాలు పడలేదు.

ఆ రాత్రే వాట్సాప్ గ్రూపులో సెక్రటరీ ఎక్కడిదో ఒక పెద్ద తేనెతుట్టె ఫోటో పెట్టి, 'మన బండ కింద, జాగ్రత్త' అని రాశాడు. దాని కింద వరసగా దండాలు, నాకు మెచ్చుకోళ్లు! రెండు రోజుల తర్వాత ఒక రేకు బోర్డు ఫోటో పెట్టాడు. 'తేనెటీగలు ఉన్నవి. బండ కింద కూర్చోరాదు' అని ఎర్ర రంగుతో రాయించాడు. వచ్చే ఆదివారం తోవపనిలో అక్కడ పాతాలట. నేనాడిన అబద్ధం అంతంత అక్షరాల్లో చూసుకునేసరికి తల కొట్టేసినట్టయింది. నిజం చెప్దామని రెండుసార్లు ఫోన్ తీశాను, పెట్టేశాను. పొద్దున గ్రౌండులో కాక కనిపించలేదు. ఒక్కరోజు కాదు, ఆరు రోజులూ రాలేదు. ఆయనకి అర్థమైపోయిందని నాకు అర్థమైంది.

ఆదివారం తోవపనికి ఎనిమిది మందిమి పోయాం. ఆటోలు దిగి తలలు లెక్కపెట్టుకుంటుంటే, కాక వచ్చాడు. చేతిలో కర్ర ఉంది. ఎవరితోనూ మాట్లాడలేదు. నేను ఎదురుగా పోయి "బాగున్నవా కాకా?" అన్నాను. తలూపాడు. తొమ్మిది మందిమి కంప కొట్టుకుంటూ, సీసాలు ఏరుకుంటూ పైకి పోయేసరికి ఎండ చురుక్కుమంటోంది. నేను ఆ రోజు ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. నర్సక్క నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

బండ దగ్గర ఈగలు లేవు, ఉంటే కదా! సెక్రటరీ కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "లేసిపోయినట్టున్నయ్. అయినా బోర్డు పాతుదాం, మళ్ల రావొచ్చు" అన్నాడు. సెకండ్ షిఫ్టుకి పోవాల్సిన తమ్ముడొకడు, సీసాల బస్తా దింపి, చెమట తుడుచుకుంటూ, "ఈగలు లేకపాయె గదా, జెరసేపు నీడకు కూసుంట" అని బండ కిందికి వంగాడు.

నేను నోరు తెరిచేలోపే కాక కర్ర అతని ఛాతీకి అడ్డంగా వచ్చింది.

"ఆగు" అన్నాడు కాక. తర్వాత నా వైపు తిరిగాడు. "టీచరమ్మా, గా నాడు ఈగలు ఏడున్నయ్?"

అందరూ నన్నే చూస్తున్నారు. "పక్కకు రా కాకా, చెప్త" అన్నాను మెల్లగా.

"ఇక్కడనే చెప్పు. గట్టిగ చెప్పు బిడ్డా, నాకు చెవులు ఇనబడ్తలెవ్వు. రెండేండ్లాయె."

అంత తేలిగ్గా అనేశాడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. కానీ ఆయన అడిగింది ఏడుపు కాదు, జవాబు. క్లాసులో చివరి బెంచీకి వినిపించడానికి వాడే గొంతుతో చెప్పాను.

"ఈగలు లేవు కాకా! నడుమ డొల్ల మోగింది. రెండుసార్లు మోగింది."

కాక తలూపాడు. "నువ్వు ఉరుకుమన్ననాడు నీ మొహం ఈగలను చూసిన మొహం లెక్క లేకుండె. అప్పుడే అనుకున్న" అన్నాడు. కర్ర నా చేతికిచ్చాడు. అందరినీ వెనక్కి జరగమన్నాడు. నన్ను బయటే నిలబెట్టి, తను ఒక పక్కన, గట్టి కప్పు కింద ఒక గుండురాయి మీదికి ఎక్కి, చేయి ఎంత దూరం చాచగలడో అంత దూరం చాచి అరచేయి కప్పుకి ఆనించాడు. "ఇగ కొట్టు" అన్నాడు.

కొట్టాను. ఎండపూట, వాన చప్పుడు లేదు. బొదబొదమన్న ఆ చప్పుడు ఈసారి తొమ్మిది మందిలో ఎనిమిది మందిమి విన్నాం. కాక కళ్లు మూసుకున్నాడు. "మళ్లొకసారి" అన్నాడు. మళ్లీ కొట్టాను. ఆయన చెయ్యి తీసేసి, మెల్లగా గుండు దిగి, బయటికి వచ్చి నేల మీద కూర్చున్నాడు.

"వణుకుతున్నది" అన్నాడు. మా ఎవరినీ చూడకుండా చెప్పుకుపోయాడు: "అంచుల్ల చెయ్యి అందుతది, చేతితోని చూసిన. నడుమ అందది. నడుమ రెండేండ్ల సంది అందాజ చెప్పిన. నిరుడు మంచిగుండె, ఈ ఏడు ఏడికి పోతది అనుకున్న. ముప్పై మందిని కూసోమంటిని... నా నోటితోని." తుండు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

నర్సక్క పోయి పక్కన కూర్చుంది. ఆయన మొహానికి ఎదురుగా వంగి, "తప్పు నాది గూడ ఉన్నది కాకా. నాకు తెల్సు. దవాఖానకు రా, చెవులు చూపిద్దామని అడుగుదమనుకున్న. బాధపడ్తవని ఊకున్న" అంది. సెక్రటరీ బోర్డు కింద పెట్టాడు. "నా దుకాణం ముంగట నిలబడ్డప్పుడు సైగ చేస్తెనే గాని చూడవు. నాకు తెల్వదా?" అన్నాడు. బస్తా దింపిన తమ్ముడు కూడా తలవంచుకుని, "నాకు గూడ తెల్సు" అన్నాడు. అందరికీ తెలుసు. ఒక్కొక్కరం ఆయన మనసు నొప్పించకూడదని, ఎవరికి వాళ్లం దాచిపెట్టుకున్నాం.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో కాదు, మా అందరి మీదా, అందరికంటే నా మీద. "సిగ్గుండాలె మనకు! లారీ వస్తే చొక్కా పట్టి లాగిన, కర్ర పట్టుకుంటే ఎట్ల ఊకున్న? మంచోళ్లం, మంచోళ్లం అని అందరం కలిసి ఈయన నెత్తిన ఇంత బండ పెట్టినం!" అన్నాను. ఏడుస్తూనే అన్నాను. కాకకి ఎంత వినిపించిందో తెలియదు గానీ, చెయ్యెత్తి ఇక చాలన్నాడు.

సెక్రటరీ బోర్డు వైపు చూస్తూ, "మరి దీన్ని ఏం చేద్దాం? ఏదో ఒకటి, ఈగలకు భయపడన్న ఎవ్వలు కూసోరు గదా. పాతుదామా?" అని కాక ఎదురుగా వచ్చి అడిగాడు.

"వద్దు" అన్నాడు కాక. "ఇప్పుడే చూస్తివి గదా. ఈగలు లేవని తెల్సినోడు కూసుంటడు. బండ మంచిగ లేదని తెల్సినోడు కూసోడు. ఉన్నది రాయి."

బోర్డు వెనక్కి తిప్పి, బాణం గుర్తుల కోసం తెచ్చిన సున్నంతో నేనే రాశాను: 'బండ కప్పు గట్టిగా లేదు. కింద కూర్చోవద్దు.' కాక లేచి, కంపలోంచి రెండు కట్టెలు ఏరి, బండ ముందర ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టాడు. ఆ పెట్టడంలో మాత్రం చెయ్యి తడబడలేదు. చుట్టూ తిరిగి పాత సుద్ద గుర్తులు వెతికి, తుండుతో తుడిచేశాడు. నిరుటివి, మొన్నటివి, వానకి పోకుండా మిగిలినవన్నీ.

పొద్దు నడినెత్తికి వచ్చింది. వంద అడుగులు కిందికి ఇంకో బండ ఉంది, చిన్నది, పది మందికి సరిపోతుంది. కప్పు తక్కువ ఎత్తు, వంగి పోవాలి, అందుకే ఇన్నేళ్లుగా దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అందరం పోయి దాని ముందర నిలబడ్డాం, అలవాటు ప్రకారం. సెక్రటరీ కాక వైపు చూశాడు. కర్ర ఇంకా నా చేతిలోనే ఉంది. ఆయనకి ఇవ్వబోయాను. తీసుకోలేదు.

"నువ్వు ఇను. నేను చెయ్యి పెడ్త" అన్నాడు.

ఇద్దరం వంగి లోపలికి పోయాం. నేను జానెడు జానెడు కొట్టుకుంటూ పోయాను, ఆయన నా కర్ర పక్కనే అరచేయి ఆనించుకుంటూ వచ్చాడు. ఎక్కడ కొట్టినా ఖంగున మోగింది. బయట ఏడుగురూ తలలు లోపలికి పెట్టి వింటున్నారు. ఇన్నేళ్లలో కర్ర మోగుతుంటే వాళ్లు చెవి పెట్టి వినడం ఆ రోజే మొదలు. ఒకచోట నాకు అనుమానం వచ్చి ఆగాను. కాక చేత్తో చూసి తలూపాడు. అయినా నేను ఇంకో రెండుసార్లు కొట్టాకే ముందుకి జరిగాను.

బయటికి వచ్చి, కొంగున కట్టుకున్న సుద్దముక్క తీసి ఆయనకి చాచాను. ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"చప్పుడు ఇన్నోళ్లే రాయాలె" అన్నాడు.

నేను ఇప్పటిదాకా ఎన్ని వేల ప్రోగ్రెస్ కార్డుల మీద సంతకాలు చేశానో లెక్కలేదు, సగం మొహాలు కూడా చూడకుండా. ఆ బండ మూలన తేదీ, రెండు అక్షరాలు రాసే ముందు వంగి కప్పుని ఇంకోసారి చూసుకున్నాను. రాసి, వాటి పక్కన చోటు వదిలి ఆయన వైపు చూశాను. సుద్ద తీసుకుని, ఆ చోటు వదిలేసి, తన రెండు అక్షరాలు నా వాటి కింద రాశాడు.

"చెప్పు మరి" అంది నర్సక్క.

"మంచిగున్నది, కూసోండ్రి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఎవరూ కదల్లేదు. ఇన్నేళ్లుగా ఆ మాట ఒక గొంతులోంచే విని ఉన్నారు, కాళ్లు రాలేదు. నాకు కోపం రావాల్సింది, రాలేదు. వాళ్లని చూసి నాకూ భయం వేసింది, ఎక్కడన్నా తప్పు విన్నానేమోనని.

అప్పుడు కాక నా మొహం చూసి, టిఫిన్ డబ్బా తీసుకుని, అందరికంటే ముందు వంగి లోపలికి పోయాడు. అంచున కూర్చోలేదు. నేను అనుమానంతో ఆగి మళ్లీ కొట్టిన చోటు ఉందే, సరిగ్గా దాని కిందికి పోయి, కాళ్లు ముడుచుకుని కూర్చుని, డబ్బా మూత తీశాడు.